దుప్పటి కింద కాలు

మా నర్సింగ్ కాలేజీకి సొంత ఆసుపత్రి ఉండేది. వంద పడకల ఆసుపత్రి అని గేటు మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉండేది. మంచాలు నిజంగానే ఉండేవి. పరుపులుండేవి, సెలైన్ స్టాండ్లుండేవి, తలవైపు గోడకి నంబర్లుండేవి. లేనిది రోగులే. వాళ్ళు ఏడాదికి ఒక్కరోజు వచ్చేవారు, అదీ ఆటోల్లో, కూలీ ఇచ్చి మధ్యాహ్నం బిర్యానీ పొట్లం పెడతామంటే. ఆ రోజుని ఇన్‌స్పెక్షన్ అనేవాళ్ళం. ఆ మాట ఇప్పుడెక్కడ వినపడినా నాకు ఒళ్ళు మండుతుంది. బస్సులో టికెట్లు చూడ్డానికి ఎక్కినవాళ్ళని చూసినా మండుతుంది. పాపం వాళ్ళేం చేశారే అంటుంది మా అమ్మ. వాళ్ళేమీ చెయ్యలేదు. నిజానికి వాళ్ళు టికెట్టు చేతిలోకి తీసుకుని మరీ చూస్తారు.

మాది కాకినాడ దాటాక సముద్రం ఒడ్డున ఊరు. నాన్న బోటు మీద వేటకెళ్తాడు. అమ్మా, పెద్దమ్మా చేపలమ్ముతారు. పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. పిల్లల్లేరు. పెదనాన్న పోయాక మా ఇంట్లోనే ఉంటోంది, నన్ను సగం పెంచింది ఆవిడే. హార్బర్‌లో పెద్దమ్మని మోసం చేసినవాడు ఇంకా పుట్టలేదు. చేప మొప్ప ఎత్తి, లోపల ఎరుపు చూసి, వేలితో ఒకసారి నొక్కి, అప్పుడుగానీ బేరం మొదలుపెట్టదు. ఐసులో పెట్టి పైపైన నిగనిగలాడించిన సరుకైతే అమ్మేవాడి మొహం మీదే తోసేస్తుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత కావాలి.

నేను ఇంటర్ పాసైన ఎండాకాలంలో మా వీధికి ఒక ఏజెంటు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పెద్ద ఫోను. ఫోనులో ఎవరో అమ్మాయి విమానాశ్రయంలో సూట్‌కేసు పట్టుకుని నవ్వుతున్న ఫోటో. జీఎన్‌ఎం అనే నర్సింగ్ కోర్సు మూడేళ్ళు చదివితే చాలన్నాడు. ఫీజు గవర్నమెంటే కడుతుందన్నాడు. బయటికి రాగానే జర్మనీవాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకుపోతారట, అది కాకపోతే గల్ఫ్, అదీ కాకపోతే హైదరాబాదులో కార్పొరేట్ ఆసుపత్రి. ఉద్యోగం లేని నర్సుని మీరెక్కడైనా చూశారా అండీ అని అడిగాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలేసే ఆవిణ్ణి తప్ప మేం నర్సునే చూడలేదు. ఇక ఉద్యోగం లేని నర్సు ఎలా ఉంటుందో మాకేం తెలుసు? నాన్న తల ఊపాడు.

పెద్దమ్మకి జర్మనీ గొడవ పట్టలేదు. ఆవిడ లెక్క వేరు. పెదనాన్నకి గుండెనొప్పి వచ్చిన రోజు పెద్దాసుపత్రిలో ఏ గుమ్మంలోకి వెళ్ళాలో తెలియక ఆవిడ స్ట్రెచర్ పక్కన అటూ ఇటూ పరిగెత్తింది. అడిగిన ప్రతివాళ్ళూ ఇంకో గుమ్మం చూపించారు. చివరికి సరైన గుమ్మం దొరికేసరికి ఆయన లేడు. అందుకని ఏజెంటు వెళ్ళాక ఒక్క మాటంది.

"మనింట్లో ఒకత్తుండాలే, ఆ గుమ్మాలు తెలిసింది. నువ్వెళ్ళు."

నేను నర్సింగ్‌లో చేరింది ఆ మాట మీద. ఆ మాట తలుచుకుంటేనే నా కోపం ఎక్కణ్ణించి మొదలైందో నాకు తెలుస్తుంది.

కాలేజీ ఒక కాలవ గట్టున, పూర్వం కల్యాణ మండపంగా ఉన్న భవనంలో ఉండేది. క్లాసు రూములు పెళ్ళివారి విడిది గదులు. జనరల్ వార్డు భోజనాల హాలు. గోడలకి కొత్తగా తెల్ల రంగు వేసినా, వర్షాకాలంలో చెమ్మ పట్టినప్పుడు కింద నుంచి 'శుభమస్తు' అన్న పాత అక్షరాలు లేచేవి. స్కిల్ ల్యాబ్ అని ఒక గది ఉండేది. అందులో మనిషంత రబ్బరు బొమ్మ ఉండేది, ఒంటి మీద ప్లాస్టిక్ కవరుతో. దాని చేతికి ఐవీ పెట్టడం, ముక్కులోంచి గొట్టం వెయ్యడం నేర్చుకోవాలి మేము. తాళంచెవి మాత్రం ప్రిన్సిపాల్ మేడమ్ బీరువాలో ఉండేది. బొమ్మ పాడైతే ఇన్‌స్పెక్షన్‌కి ఏం చూపిస్తామమ్మా అనేవారు. మేము బత్తాయి పండుకి సూది గుచ్చి నేర్చుకున్నాం. తర్వాత ఆ బత్తాయిని వొలుచుకుని తినేవాళ్ళం. అప్పట్లో దానికి నవ్వుకున్నాం కూడా. ఇప్పుడు నవ్వు రాదు.

పాఠం చెప్పేవాళ్ళు ఇద్దరే, ఒక ట్యూటర్, ప్రిన్సిపాల్ మేడమ్. ట్యూటర్ టెక్స్ట్‌బుక్ తెరిచి చదివేది, మేము రాసుకునేవాళ్ళం. షుగరు జబ్బు అన్న పాఠాన్ని ఒక్క షుగరు మనిషిని చూడకుండా పూర్తి చేశాం. పైన పటారం, లోన లొటారం అని మా నాయనమ్మ అంటుండేది, ఆవిడ మా కాలేజీ చూడకుండానే పోయింది.

ఒక్క మేలు జరిగిందని ఒప్పుకోవాలి. రెండో ఏడు మమ్మల్ని కాకినాడ పెద్దాసుపత్రికి క్లినికల్ పోస్టింగ్‌కి పంపారు. అక్కడ మంచాలు చాలక నేల మీద కూడా జనం. అక్కడి సర్జికల్ వార్డు సిస్టర్ గారు మమ్మల్ని చూసి, గోడకానుకుని నిలబడ్డానికి వచ్చారా, రండి పట్టుకోండి అన్నారు. నాకు అప్పగించింది షుగరు కాళ్ళు. డెల్టా అంతా ఆ వార్డుకే వచ్చినట్టుండేది. చేలో చెప్పుల్లేకుండా నడిచిన కాళ్ళు, చెరువుల్లో నానిన కాళ్ళు. పుండు కడగడం, చచ్చిన చర్మం ఎక్కడిదాకా ఉందో చూడటం, చీము వాసనని బట్టి లోపల ఎంత పోయిందో అనుకోవడం అక్కడ నేర్చుకున్నాను. నొప్పి లేదంటే సంతోషించకండి, షుగరు కాలికి నొప్పి లేకపోవడమే జబ్బు అని సిస్టర్ గారు రోజూ చెప్పేవారు. నర్సింగ్ అంటే నాకు ఇష్టం కలిగింది ఆ వార్డులోనే, ఆ కంపులోనే.

తిరిగి కాలేజీకి రాగానే ఇన్‌స్పెక్షన్ వచ్చింది.

మా దగ్గర ఒక ఆచారం. ప్రతి స్టూడెంటూ తన ఊరినుంచి కొంతమందిని పేషెంట్లుగా తీసుకురావాలి. తేకపోతే ఇంటర్నల్ మార్కులు మేడమ్ చేతిలో ఉంటాయని ఎవరూ చెప్పక్కర్లేదు. మండపేట వైపు అమ్మాయిలు కోతలు లేని కూలీలని తెచ్చేవారు, పెద్దాపురం అమ్మాయి మరిడమ్మ జాతరకి వచ్చిన చుట్టాల్ని ఒకసారి అలాగే పట్టుకొచ్చేసింది. నేను ఇంట్లో చెప్పగానే అందరికంటే ముందు పెద్దమ్మ ఆటో ఎక్కి కూర్చుంది. ఆవిడకి కూలీ అక్కర్లేదు, బిర్యానీ అక్కర్లేదు. నన్ను తెల్ల యూనిఫాంలో చూడాలి, అంతే. ఇస్త్రీ చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది.

పేషెంటుకి కనకాంబరాలేంటని ట్యూటర్ వాటిని తీయించేసింది. తర్వాత అందరినీ వరసగా నిలబెట్టి జబ్బులు పంచింది. నీకు ఆయాసం, నీకు జ్వరం, నీకు విరోచనాలు. విరోచనాలు పడ్డ కుర్రాడు సిగ్గుపడి వేరేది ఇమ్మని అడిగాడు. ఆయాసం పడ్డ పెద్దాయన వెనక్కెళ్ళి చుట్ట కాల్చుకొచ్చాడు, దాంతో ఆయన ఆయాసం అందరికంటే బాగా కుదిరింది. మా పెద్దమ్మకి కడుపునొప్పి ఇచ్చారు. స్టూడెంట్లు తెలిసినట్టు ప్రవర్తించకూడదని గట్టిగా చెప్పారు. మూడో నంబరు మంచం మీద పడుకుని ఆవిడ నాకేసి చూసి, నవ్వు ఆపుకోడానికి చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆ మంచాల వరస నాదే. పక్కలు సర్దుతూ, పెద్దమ్మ కాళ్ళ దగ్గర దుప్పటి పరుపు కిందకి మడుస్తుంటే నాకు వాసన తగిలింది.

సర్జికల్ వార్డులో నేర్చుకున్న వాసన. దుప్పటి ఎత్తాను. కుడికాలి చిటికెన వేలు కింద పుండు, అంచులు నల్లగా, పక్క వేలు దాకా వాపు. ఎప్పటినుంచి అని గొంతు తగ్గించి అడిగాను. హార్బర్‌లో జెల్ల చేప ముల్లు గుచ్చుకుందంది. ఎప్పుడు గుచ్చుకుందో ఆవిడకే తెలీదట, ఇంటికొచ్చాక కాలికి రక్తం చూసుకుందట. నొప్పి లేదే, నొప్పి లేంది దెబ్బెలా అవుద్ది అంది.

ఇంతలో ట్యూటర్ ముక్కు మూసుకుంటూ వచ్చింది. మీ ఊరివాళ్ళని స్నానం చేసి రమ్మని చెప్పలేదా, వార్డంతా చేపల కంపు అంది. నేను చెప్పాను, మేడమ్ ఇది చేప వాసన కాదు, ఇది పుండు, షుగరు పుండు, లోపలికి వెళ్ళిపోయింది అని. ఆవిడ వినలేదు. ఎందుకు వింటుంది? చేపలవాళ్ళ దగ్గర చేప కంపే ఉంటుందని ఆవిడకి పుట్టినప్పుడే తెలుసు. రూమ్ ఫ్రెషనర్ తెచ్చి మంచం చుట్టూ కొట్టింది. మల్లెపూల వాసన. ఇప్పటికీ ఆ డబ్బా దుకాణంలో కనపడితే నేను అవతలి వరసలోకి వెళ్ళిపోతాను.

నేను ఊరుకోలేదు. ప్రిన్సిపాల్ మేడమ్ గది దాకా వెళ్ళాను. పట్టుచీరలో ఉన్నారావిడ, కొబ్బరిబొండాలు చల్లగా ఉన్నాయో లేవో చూసుకుంటున్నారు. నేను చెప్పిందంతా విన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఇవాళ ఆవిడకి కడుపునొప్పమ్మా," అన్నారు. "కాలు సంగతి రేపు చూద్దాం. వెళ్ళి దుప్పటి కప్పు."

ఆ మాట అన్నది నర్సింగ్ చదివిన మనిషి. దీపం వెలిగించి, రోగికి సేవ చేస్తానని మా చేత ప్రమాణం చేయించిన మనిషి. ఆ రోజు నుంచి ఇన్నేళ్ళలో ఆవిడ మీద నా కోపం ఒక్క పిసరు తగ్గలేదు, తగ్గించుకోవాలని నేను అనుకోవడం లేదు కూడా. పెద్దవాళ్ళయ్యాక క్షమించడం నేర్చుకోవాలని చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళ కాళ్ళు బాగానే ఉండి ఉంటాయి.

నేను వెళ్ళి దుప్పటి కప్పేసరికి కార్లు వచ్చాయి. ముగ్గురు దిగారు, కాలేజీకి అనుమతులిచ్చే ఆఫీసువాళ్ళు, మెడలో కార్డులు. ముందు కొబ్బరినీళ్ళు, తర్వాత ల్యాబ్. రబ్బరు బొమ్మకి ఆ ఉదయమే కవరు విప్పారు. ఆ రోజుకని పాత స్టూడెంట్లు చీరలు కట్టుకుని, ట్యూటర్లమని కార్డులు తగిలించుకుని వరండాలో నిలబడ్డారు. ఆ రోజుకని వచ్చిన డాక్టరు ఓపీ గదిలో స్టెతస్కోపు మెడలో వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఆ ముగ్గురూ వార్డులోకి వచ్చి, మంచాలు లెక్కపెట్టుకుంటూ నడిచారు. మంచాలనే, మనుషుల్ని కాదు. వాళ్ళలో పెద్దాయన మూడో నంబరు దగ్గర ఆగాడు. కాళ్ళ దగ్గర వేలాడుతున్న కేస్ షీటు తీశాడు. ఆ పొద్దున నేనే గుండ్రంగా రాసిన కడుపునొప్పి అది. రెండు కాగితాలు తిప్పి 'గుడ్' అన్నాడు. తర్వాత పెద్దమ్మకేసి వంగి, ఎలా ఉందమ్మా అని మర్యాదగా అడిగాడు. పెద్దమ్మ కడుపునొప్పి సంగతి మర్చిపోయి, బాగుందండి బాబూ అంది.

సార్, ఈవిడ కాలు, అన్నాను నేను. ట్యూటర్ నా మాట మీదుగా, స్టూడెంట్ అండి, కొత్త, కంగారు పడుతోంది అని నవ్వింది. ఆయనా నవ్వాడు. ముందుకెళ్ళిపోయారు. భోజనానికి టైమైంది.

వాళ్ళ కార్లు గేటు దాటీ దాటగానే ఓపీలో డాక్టరు కూడా వెళ్ళిపోయాడు. మేడమ్ వాళ్ళతోపాటు హోటల్‌కి వెళ్ళారు, డ్రెస్సింగ్ రూమ్ తాళంచెవి ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో. వార్డు ట్రేలో గాజుగుడ్డ పొట్లాలు ఉన్నాయి, విప్పితే పాతబడి పసుపురంగుకి తిరిగి ఉన్నాయి. అవన్నీ పాత ఇన్‌స్పెక్షన్లవి. వంద పడకల ఆసుపత్రిలో ఒక పుండు కడగడానికి నాకు దొరికింది పెరట్లో బోరింగు నీళ్ళు. కడిగి, నా కొత్త చేతిరుమాలు కట్టాను. రేపే అమ్మతో పెద్దాసుపత్రికి వెళ్ళమని, సర్జికల్ వార్డు ఏ గుమ్మంలోంచి వెళ్ళాలో విడమరిచి చెప్పాను. సరేలే అంది. ఆటోలో కూర్చుని, బిర్యానీ పొట్లం ఒళ్ళో పెట్టుకుని, ట్యూటర్ తీయించిన కనకాంబరాలు మళ్ళీ తలలో పెట్టుకుని వెళ్ళింది.

పెద్దాసుపత్రికి మాత్రం వెళ్ళలేదు. ఫోను చేసిన ప్రతిసారీ అమ్మ అదే చెప్పేది, రావట్లేదే, మాట వినట్లేదే అని. పెద్దమ్మకి ఫోనివ్వమంటే ఆవిడ హాయిగా నవ్వేది. ఎందుకే కంగారు, పెద్ద డాక్టర్లు సూశారు కదా అనేది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక హాస్టల్ మెట్ల మీద కూర్చుండిపోయాను. ఊళ్ళో ఆవిడ చెప్పుకుంటున్నది ఇది. ముగ్గురు డాక్టర్లు కార్లలో వచ్చారు. మూడో నంబరు మంచం దగ్గర ఆగారు. వాళ్ళలో పెద్దాయన తన కాగితం మొత్తం చదివాడు. చదివి గుడ్ అన్నాడు. ఇంకేం కావాలి? చేతి నాడి కూడా పట్టుకోకుండా మాత్రలు రాసే పెద్దాసుపత్రి డాక్టర్ల కంటే, మంచం దగ్గర ఆగి, వంగి, ఎలా ఉందమ్మా అని అడిగిన డాక్టరు గొప్పవాడు కదా. జీవితంలో ఆవిణ్ణి అంత మర్యాదగా అడిగిన మొదటి పెద్దమనిషి ఆయన. ఆయన మాట మీద ఆవిడ నల్లబడుతున్న కాలితో రోజూ హార్బర్‌కి వెళ్ళి వస్తోంది.

హాస్టల్ నుంచి సెలవివ్వలేదు. పరీక్షల ముందు ఎవరికీ ఇవ్వరన్నారు. చివరికి ప్రిపరేషన్ సెలవుల్లో ఇంటికెళ్ళాను. గుమ్మంలోనే వాసన. పెద్దమ్మ తాటాకు చాప మీద కూర్చుని, కాలికి పసుపు రాసుకుని ఉంది. పక్క వేలు కూడా నల్లబడింది. నేను అరిచాను. వాళ్ళు డాక్టర్లు కాదు పెద్దమ్మా, మంచాలు లెక్కపెట్టడానికి వచ్చినవాళ్ళు, అదంతా నాటకం, నువ్వూ నాటకంలో పేషెంటువే అన్నాను. నాటకమైతే నీ సదువు కూడా నాటకమేనా అంది. అప్పుడు ఆవిడ భాషలోనే చెబుదామని చూశాను.

"వాళ్ళు నీ దుప్పటి ఎత్తి చూశారా పెద్దమ్మా? మొప్ప ఎత్తకుండా నువ్వెప్పుడైనా చేప కొన్నావా?"

ఆవిడ నాకేసి జాలిగా చూసింది, బేరం తెలియని పిల్లని చూసినట్టు.

"బయటోళ్ళ సరుకైతే ఎత్తుతాం. మనోళ్ళ బుట్టలో సేపకి మొప్ప ఎత్తుతామేంటే? అది నువ్వు సదువుకునే కాలేజీ కదా."

హార్బర్ మొత్తం మోసం చెయ్యలేని మనిషిని మా కాలేజీ మోసం చేసింది. దానికి వాళ్ళకి ఏ తెలివీ అక్కర్లేకపోయింది. నేనక్కడ ఉన్నాను, అది చాలింది.

మర్నాడు నేనూ నాన్నా ఆవిణ్ణి ఆటోలో పడేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఆవిడ దారంతా నన్ను తిట్టింది. గుమ్మాలన్నీ నాకు తెలుసు కాబట్టి ఎవర్నీ అడక్కుండా తిన్నగా వార్డుకి వెళ్ళాం. మా సిస్టర్ గారు కట్టు విప్పి, కాలు చూసి, తల పైకెత్తి నా మొహం చూశారు. నువ్వు మా దగ్గర పనిచేసిన పిల్లవి కదా, ఇంట్లో ఇంత పెట్టుకుని ఏం చేస్తున్నావమ్మా అన్నారు. ఆవిడ అడగడంలో తప్పు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది మా పని. కానీ ఆ ప్రశ్న అడగాల్సింది నన్ను కాదని అరవాలనిపించింది. పెద్దమ్మకి కుడికాలి రెండు వేళ్ళు తీసేశారు.

ఆ పరీక్షలూ, మూడో ఏడు పరీక్షలూ రాశాను, పాసయ్యాను. మా బ్యాచ్ అంతా పాసైంది, మా కాలేజీలో తప్పినవాళ్ళు లేరు. తర్వాత సంగతి అడగండి. నర్సుల కొరత అని పేపర్లో వస్తుంది, అది చదివినప్పుడల్లా పేపరు మడిచి దోమల్ని కొడతాను. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇంటర్వ్యూలో ముందు ఐవీ పెట్టి చూపించమన్నారు. బత్తాయి మీద తప్ప మనిషి చేతికి పెట్టలేదని చెప్పలేక, సూది ప్యాకెట్టు పట్టుకుని నిలబడ్డాను. మీ కాలేజీ వాళ్ళు వస్తే మేమే మళ్ళీ మొదటినుంచి నేర్పుకోవాలమ్మా అన్నారు అక్కడి మేట్రన్. నేర్పుతాం, అందుకని మొదటి ఏడు జీతం సగమే అన్నారు. చీరల దుకాణంలో నిలబడే మా ఊరి అమ్మాయికి నాకంటే ఎక్కువొచ్చేది. నా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇప్పుడు నగల దుకాణం కౌంటర్లో ఉంది. ఇంకొకామె ఆసుపత్రిలోనే ఉందిగానీ ఇన్సూరెన్సు కాగితాలు చూస్తుంది. ఒకమ్మాయి మాత్రం రెండేళ్ళు జర్మన్ నేర్చుకుని నిజంగానే వెళ్ళింది. ఆమె ఫోటో ఇప్పుడు ఏజెంటు ఫోనులో ఉందని విన్నాను.

పని మాత్రం నేర్చుకున్నాను. ఎవరి దయా లేదు అందులో, రోగుల దయ తప్ప. ఇప్పుడు కాకినాడలో ఒక ఆసుపత్రిలో చేస్తున్నాను, ఊరినుంచి బస్సులో వెళ్ళొస్తాను. చీకట్లోనైనా నరం దొరకబుచ్చుకోగలను. బయటి దేశానికైనా, ఇక్కడ పెద్ద ఆసుపత్రికైనా అప్లికేషన్ పెడితే మాత్రం ట్యూటరుగానో, ఎక్కువ పడకలున్న ఆసుపత్రిలో నర్సుగానో అనుభవం ఉందా అని అడుగుతారు. నేను చేసే చోటు చిన్నది, అక్కడిచ్చే కాగితానికి విలువ లేదు.

పెద్దమ్మ కాలు మానదు, తిరగబెట్టదు, అలా ఉంటుంది. నెమ్మదిగా నడుస్తుంది, హార్బర్‌కి మాత్రం వెళ్ళడం లేదు. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేముందు అరుగు మీద కూర్చోబెట్టి కడిగి కట్టు కడతాను. నాకు కోపం ఎక్కువగా ఉన్న రోజు చెయ్యి మరీ నెమ్మదిగా పెడతాను. మొన్న అలా కడుతుంటే ఫోను మోగింది. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్లో పెట్టాను. ప్రిన్సిపాల్ మేడమ్.

ఎంత ప్రేమగా మాట్లాడారో. బాగున్నావా తల్లీ, నీ చేతిరాత ఇప్పటికీ చెప్పుకుంటాం అన్నారు. ఇన్‌స్పెక్షన్ ఉందట. ఒక్కరోజు ట్యూటరుగా వచ్చి నిలబడితే చాలట. రెండేళ్ళు అక్కడ పనిచేసినట్టు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తారట, నీకే బయటికెళ్ళడానికి పనికొస్తుంది కదమ్మా అన్నారు. వస్తూ వస్తూ మీ ఊరివాళ్ళని కొంతమందిని తీసుకురా, మీవాళ్ళు బాగా సహకరిస్తారు అన్నారు. సిగ్గు లేదు. ఆ కాలు సంగతి కూడా ఆవిడకి గుర్తు లేదు. నాకు ఎంత అవసరమైన కాగితమో ఆవిడకి బాగా తెలుసు, అందుకే ఒళ్ళు ఇంకా మండింది. రానండి అని ఫోను పెట్టేశాను. నోటికొచ్చినట్టు తిట్టనందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

తల దించి చూస్తే పెద్దమ్మ నన్ను కోపంగా చూస్తోంది.

"ఎందుకే అలా పెట్టేశావు? ఆ డాక్టర్లు మళ్ళీ వత్తారు కదా. అప్పుడు నువ్వే దుప్పటి కప్పేశావు, లేపోతే ఆ బాబు నా కాలు సూసేవోడే, కాలి ఏళ్ళు దక్కేయి. ఈసారి కప్పకు. సూపిద్దాం."

ఇన్నేళ్ళుగా రోజూ ఆ కాలు కడుగుతున్నది నేను. ఆవిడ నమ్మకం మాత్రం ఒక్కసారి వంగి ఎలా ఉందమ్మా అన్నవాడి మీదే ఉంది. దుప్పటి కప్పింది మాత్రం నేను. వాళ్ళు డాక్టర్లు కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ మనసులో అది అలాగే ఉంది. నాకు ఏడుపు రాలేదు. గాజుగుడ్డ ఇంకో చుట్టు చుట్టి, ముడి వేశాను. కప్పనులే పెద్దమ్మా అన్నాను.

చేతులు తుడుచుకుని మేడమ్‌కి మళ్ళీ ఫోను చేశాను. ఇందాక డ్యూటీ కంగారులో అలా అన్నానని, వస్తానని చెప్పాను. మా పెద్దమ్మని కూడా తీసుకొస్తాను, మూడో నంబరు మంచం ఆవిడకే ఇవ్వండి, ఆ వరస నేనే చూసుకుంటాను అన్నాను. మేడమ్ చాలా సంతోషించారు. పెద్దావిడకి అప్పట్లోలాగే కడుపునొప్పి రాయించేస్తాను అన్నారు. అలాగేనండి అన్నాను.

వచ్చే వారమే ఇన్‌స్పెక్షన్. పెద్దమ్మ చీర ఇస్త్రీకి ఇచ్చింది.